నంబరు బయటికి ఉండాలి

నూకరాజు మేస్త్రిని ఏదైనా అడిగితే నోటితో జవాబు రాదు. నర్సీపట్నం నుంచి చింతపల్లి వెళ్లే రోడ్డు మీద, కార్ల షెడ్లన్నీ వరసగా ఉన్న మా వీధిలో ఈ సంగతి అందరికీ తెలుసు. ఆయన ఎదురుగా ఉన్న ఏదో ఒక బండి వైపు గడ్డం ఎత్తి చూపిస్తాడు. అడిగినవాళ్లు వెళ్లి ఆ బండితో కుస్తీ పట్టాలి. జవాబు అందులోనే దొరుకుతుందని ఆయన నమ్మకం. దొరకనివాళ్లు మేస్త్రికి తలబిరుసని చెప్పుకుంటారు. అది అబద్ధమని నేననను. కానీ తలబిరుసుకు తగ్గ చెయ్యి ఉన్న మనిషాయన. ఆయన షెడ్డుకు ఎదురుగా విడిభాగాల దుకాణం నడుపుతూనే నా జుట్టు నెరిసింది. ఇతర వీధులవాళ్లు తమ గుళ్ల గురించి, సినిమా హాళ్ల గురించి గొప్పలు చెప్పుకుంటే, మేం నూకరాజు గురించి చెప్పుకుంటాం.

ఆయన శిష్యురాలు వరహాలు. ముప్పై దాటిన మనిషి, బడికెళ్లే కొడుకున్న తల్లి. మొదట్లో బండి తెచ్చినవాళ్లు "మేస్త్రి లేడా?" అని అడిగేవారు. "నేను చూస్తానండి" అని ఆమె అంటే, టీ తాగి వస్తామని చెప్పి మాయమయ్యేవారు. ఇప్పుడు ఆమె లేకపోతే, వచ్చేదాకా టీ మీద టీ తాగుతూ కూర్చుంటున్నారు. ఆ మార్పు ఎవరి ఉపన్యాసాల వల్లా రాలేదు, ఆమె బాగుచేసి పంపిన బండ్లు తిరిగి రాకపోవడం వల్ల వచ్చింది. ఆమె చోడవరంలో సొంతంగా షెడ్డు పెట్టుకోవాలనుకుంటోంది. అక్కడ ఒక షెడ్డు ఖాళీ అయితే, యజమాని దాన్ని ఆమెకే ఇస్తానని, అయితే ఈ వారంలోగా మాట చెప్పాలని కబురు పెట్టాడు. మా వృత్తిలో గురువు సరేననకుండా ఎవరూ విడిగా కొట్టు పెట్టరు. పెట్టినా, వచ్చిన మొదటి బండివాడే "మీ మేస్త్రి ఒప్పుకున్నాడా?" అని అడుగుతాడు. అంచేత ఆ పొద్దున ఆమె షెడ్డు తెరిచి, మేస్త్రికి టీ గ్లాసు అందించి, నేను పక్కనే ఉన్నానని కూడా చూడకుండా అడిగేసింది.

"గురువుగారూ, ఇంకెన్నాళ్లు నేను మీ కింద పనిచెయ్యాలండి? నేను మేస్త్రినయ్యేనని ఎలగ తెలుస్తాది?"

నూకరాజు టీ ఊదుకుని, ఒక గుక్క తాగి, రోడ్డు వైపు చూశాడు. అప్పుడే ఒక తెల్ల కారు మలుపు తిరిగి షెడ్డులోకి వస్తోంది. ఆయన దానివైపు గడ్డం ఎత్తాడు. వరహాలు నిట్టూర్చి, చేతులు చీర కొంగుకు బదులు నడుముకు కట్టుకున్న గుడ్డకి తుడుచుకుని దానివైపు కదిలింది.

ఆ కారు బొంజుబాబుది. కొండమీది బడుల్లో పాఠాలు చెప్పే పంతుళ్లను పొద్దున ఎక్కించుకెళ్లి, సాయంత్రం దించడం అతని పని. ముందు ఎడమ చక్రం బేరింగు అరిగి మోత పెడుతుంటే, ముందురోజే నూకరాజు తన చేతులతో కొత్త బేరింగు వేసి పంపాడు. "మోత పోయింది మేస్త్రిగారూ, కానీ మీకాడి నుంచి ఎల్లి ఊరు దాటేనో లేదో ఈ రెండు లైట్లూ ఎలిగీసాయి" అని బొంజుబాబు స్టీరింగు వెనకున్న పలక చూపించాడు. ఒకటి ఏబీఎస్ దీపం, రెండోది ట్రాక్షన్ కంట్రోల్ దీపం, జారుతున్న కారు బొమ్మతో. రెండూ పసుపు పచ్చగా వెలుగుతున్నాయి.

బండ్ల గొడవ తెలియనివాళ్ల కోసం ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. ఈకాలం కార్లలో ప్రతి చక్రం దగ్గరా వేలెడంత సెన్సర్ ఒకటి ఉంటుంది. చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో అది ఎప్పటికప్పుడు కారుకు చెబుతుంది. తడి రోడ్డు మీద ఒక చక్రం జారినా, బిగుసుకుపోయినా, మిగతా వాటితో పోల్చుకుని కారు సర్దుకునేది ఈ సమాచారంతోనే. ఏ ఒక్క చక్రం నుంచైనా సమాచారం రాకపోతే కారు చేతులెత్తేసి, దీపాలు వెలిగించి ఊరుకుంటుంది. బ్రేకులు మామూలుగానే పడతాయి, కానీ జారినప్పుడు పట్టుకునే తోడు ఉండదు. ఎండాకాలంలో, చదును రోడ్డు మీద చాలామంది ఆ దీపాల్ని పట్టించుకోరు. మా వీధిలోనే ఒక మహానుభావుడు వాటిమీద నల్ల టేపు అంటించి పంపేవాడు.

బొంజుబాబుకు తొందరగా ఉంది. పంతుళ్లను పొద్దున వేరే జీపులో ఎక్కించి వచ్చాడు, సాయంత్రం తనే వెళ్లి దించాలి. "పైన వాన దంచేస్తోంది. పోనీ ఇప్పటికి ఆ లైట్లు తీసీయండి, రేపొచ్చి చూపించుకుంటాను" అన్నాడు.

"లైటు తీసీస్తే వాన ఆగిపోద్దేటి?" అన్నాడు నూకరాజు. అని, వరహాలుకు బండి అప్పగించి, లోపల బేరింగులు నొక్కి బిగించే ప్రెస్ దగ్గర తన పనిలో పడ్డాడు.

వరహాలు స్కానర్ తగిలించింది. ఎడమవైపు ముందు చక్రం సెన్సర్ నుంచి ఏ కబురూ రావడంలేదని అది చెప్పింది. స్కానర్ సెన్సర్ పేరెత్తగానే కొత్త సెన్సర్ కోసం పరిగెత్తుకొచ్చేవాళ్ల పుణ్యానే నా దుకాణం నడుస్తోంది కాబట్టి నేను వాళ్లను తప్పుపట్టను. వరహాలు మాత్రం ఎప్పుడూ అలా రాలేదు. చక్రం విప్పి, సెన్సర్ బయటికి తీసి తుడిచింది. బేరింగు మార్చేటప్పుడు తీగ లాగబడి లోపల తెగిందేమోనని దాన్ని మొదలు నుంచి చివరిదాకా వంచి వంచి, మీటరు పెట్టి చూసింది. బాగానే ఉంది. కుడివైపు సెన్సర్ తీసి ఎడమవైపు, ఎడమవైపుది కుడివైపు పెట్టి, బొంజుబాబును కారు నడపమని, స్కానర్ ఒళ్లో పెట్టుకుని పక్కన కూర్చుంది. తిరిగొచ్చేసరికి ఆమె ముఖం ముడుచుకుని ఉంది. ఎడమవైపు మూగగా ఉన్న సెన్సర్ కుడివైపు చక్కగా మాట్లాడుతోంది. కుడివైపు మాట్లాడినది ఎడమవైపుకొచ్చి మూగదైంది. అంటే సెన్సర్లు రెండూ మంచివే. ఎడమ చక్రం దగ్గర సెన్సర్ చదవడానికే ఏమీ దొరకడంలేదు.

పాత కార్లలో అయితే సెన్సర్ ఎదురుగా పళ్లున్న ఇనుప చక్రం కనిపించేది. పన్ను విరిగిందో, మట్టి పట్టిందో కంటితోనే తెలిసేది. ఈ కారులో ఆ పళ్లు లేవు. వాటి బదులు బేరింగు మూతలోనే సన్నటి అయస్కాంతపు పట్టీ ఉంటుంది. వరహాలు ఒక గుండుసూదిని దారానికి కట్టి, కుడివైపు సెన్సర్ తీసిన కన్నంలోంచి లోపలికి వదిలింది. సూది వెళ్లి బేరింగుకు అతుక్కుంది. ఎడమవైపు వదిలింది. అది ఊరికే వేలాడింది. ఆమె కాసేపు అలాగే గొంతుక్కూర్చుని ఆ సూదిని చూసి, లేచి రోడ్డు దాటి నా దగ్గరకొచ్చింది.

"బాబాయ్, నిన్న మేస్త్రిగారు తీసుకెళ్లిన రకం బేరింగు ఇంకోటి ఉందా?"

ఉంది. తీసిచ్చాను. ఆమె దాన్ని నా గల్లా బల్ల మీద పెట్టి, పైన పల్చటి కాగితం పరిచి, గ్రైండర్ కింద నుంచి ఊడ్చి తెచ్చిన ఇనుప పొడి చల్లింది. కాగితాన్ని వేలితో మెల్లగా తట్టింది. ఏమీ కాలేదు, పొడి పొడిలాగే పడి ఉంది. బేరింగును బోర్లించి మళ్లీ చల్లింది. ఈసారి పొడి కదిలి, లేచి, సన్నటి గీతలు గీతలుగా గుండ్రంగా నిలబడింది, కొత్తగా దువ్విన తల మీది దువ్వెన గీతల్లాగా. నేను ఆ బేరింగులు అమ్ముతూ బతుకుతున్నవాణ్ణి, ఒక్కనాడూ ఆ గీతల్ని చూడలేదు. వాటిని చూసి ముచ్చటపడేలోపే, ఆ వైపే బేరింగు నంబరు చెక్కి ఉండడం నా కంటపడింది.

నూకరాజు మేస్త్రి పెట్టిన నియమం ఒకటుంది: బేరింగు ఏదైనా నంబరు బయటికి ఉండాలి. రేపు ఏ ఊళ్లోనో, ఏ అడవి దారిలోనో ఆ చక్రం విప్పినవాడికి, విప్పగానే నంబరు కనబడాలి, తడుముకోకూడదు. తర్వాత వచ్చే పనివాడి కోసం పెట్టిన మర్యాద అది. ఆయన శిష్యులు, ఆ శిష్యుల శిష్యులు అంతా దాన్ని పాటిస్తారు. చక్రం విప్పి, నంబరు బయటికి ఉందని చూసి, "ఇది నూకరాజు చెయ్యి" అని గుర్తుపట్టేవాళ్లు విశాఖపట్నం దాకా ఉన్నారు. మేమంతా ఛాతీ విరుచుకునే సంగతి అది. ఈ బేరింగులో మాత్రం నంబరున్న వైపే అయస్కాంతమూ ఉంది. అది లోపలికి, సెన్సర్ వైపుకి ఉండాలి. ఆయన బయటికి పెట్టాడు. అజాగ్రత్తతో కాదు, మర్యాద కొద్దీ.

వరహాలుకు ఈ వారంలో ఆయన నోటి నుంచి సరే అన్న మాట కావాలి. ఇప్పుడు వెళ్లి ఆయన నియమమే తప్పని చెప్పాలి. ఆయన ఎలాంటివాడో నాకు తెలుసు. నేను గొంతు తగ్గించి అన్నాను: "అమ్మా, బేరింగే లోపలి నుంచి పాడై వచ్చిందని చెప్పు. నేను కాదనను. ఇది పట్టుకెళ్లి సరిగ్గా బిగించెయ్యి. ఎవరికీ తెలీదు." నా దుకాణం పేరు పోయినా పరవాలేదనుకున్నాను. అంత పెద్దమనసు నాలో ఉందని నాకే ఆశ్చర్యం వేసింది.

ఆమె నవ్వింది. "తర్వాత ఇలాటి కారే ఇంకోటొస్తాది బాబాయ్. మేస్త్రిగారు మళ్లీ నంబరు బయటికే పెడతారు. అప్పుడు కూడా మీ బేరింగే పాడంటారా?" అని, బేరింగు, కాగితం, ఇనుప పొడి పట్టుకుని రోడ్డు దాటింది. నేను దుకాణం వదిలేసి వెనకే వెళ్లాను. గిరాకీ వస్తే కాసేపు ఆగుతారు, ఇది మళ్లీ దొరకదు.

షెడ్డులో నూకరాజు ఒంటరిగా లేడు. ప్రెస్ కోసం వచ్చిన పక్క షెడ్ల మేస్త్రులిద్దరు ఉన్నారు, బొంజుబాబు సరేసరి. వరహాలు ఆయన దగ్గరకెళ్లి, "గురువుగారూ, ఒకసారి ఇలా వెనక్కి వస్తారేటి, ఒక మాట" అంది. ఆయన చేస్తున్న పని ఆపకుండా, "బండి సంగతేనా? ఏదుంటే ఇక్కడే చెప్పు" అన్నాడు. ఆమె ఒక్క క్షణం అందర్నీ చూసింది.

"సెన్సర్ బాగుందండి. తీగ బాగుంది. బేరింగు తిరగేసి ఉంది."

"ఎవరు బిగించేరది?"

"మీరేనండి."

పక్క షెడ్ల వాళ్లలో ఒకాయన అక్కర్లేని పానా ఒకటి తీసి మహా శ్రద్ధగా తుడవడం మొదలుపెట్టాడు. నూకరాజు ముఖం ఎర్రబడింది. "నీకు పానా పట్టుకోవడం రాకముందు నుంచి నేనలాగే పెడతన్నాను. ఏ బండీ తిరిగి రాలేదు" అన్నాడు. గొంతు పెద్దది చెయ్యలేదు, అందుకే మరీ భయం వేసింది. వరహాలు వెనక్కి తగ్గలేదు. తలెత్తి గర్వంగా కూడా మాట్లాడలేదు. పని చెప్పేటప్పుడు మాట్లాడినట్టే మాట్లాడింది. "ఆ బేరింగుల్లో ఈ అయస్కాంతం ఉండేది కాదండి" అని, బల్ల మీద కాగితం పరిచి, పొడి పొట్లం ఆయన చేతికిచ్చింది.

ఆయన కళ్లజోడు పెట్టుకున్నాడు. నంబరు లేని వైపు పొడి చల్లి చూశాడు. బోర్లించి చల్లి చూశాడు. గీతలు లేచాయి. నమ్మకం కుదరక కాగితం తీసి, గుడ్డతో తుడిచి, మొదటి నుంచి మళ్లీ చల్లాడు. మళ్లీ అవే గీతలు, అదే వైపు, నంబరున్న వైపు. పైన రేకుల మీద వాన మొదలైంది. ఇంత గట్టి మనిషి వంగుతాడా, విరుగుతాడా, లేక ఆ పిల్లను విరిచేస్తాడా అని నేను చూస్తున్నాను. ఆయన కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని, మూల గోడకు వేలాడుతున్న చేతిదీపం అందుకున్నాడు. మా షెడ్లలో బండి కింద ఒకరు పనిచేస్తుంటే దీపం పట్టుకునేది కొత్తగా చేరినవాడు. నూకరాజు దీపం పట్టుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

"జాకీ ఎత్తు" అన్నాడు ఆమెతో.

ఒకసారి నొక్కి బిగించిన బేరింగు బయటికి తీస్తే మళ్లీ పనికిరాదు కాబట్టి, నేనిచ్చిన కొత్తదే వేశారు. వేశారనడం తప్పు, వరహాలు వేసింది. ఆయన పక్కన నిలబడి, ఆమె చెయ్యి ఎటు వెళితే వెలుతురు అటు తిప్పాడు. ప్రెస్ కింద బేరింగు పెట్టినప్పుడు మాత్రం, "ఇటేనా?" అని అడిగాడు. "ఇటేనండి" అంది ఆమె. ఆయన దీపం ఇంకాస్త దగ్గరికి జరిపాడు. ఈ వీధిలో ఇన్నేళ్లు బతికినందుకు నాకు గర్వంగా అనిపించింది. ఆమెను చూసి ఎక్కువ గర్వపడాలో, ఆయన్ను చూసి ఎక్కువ గర్వపడాలో మాత్రం తేల్చుకోలేకపోయాను. పక్క షెడ్డు మేస్త్రి చేతిలోని పానా అప్పటికి అద్దంలా మెరుస్తోంది.

బొంజుబాబు కారు తీసుకుని రోడ్డు చివరిదాకా వెళ్లి వచ్చాడు. వరహాలు అతని పక్కన కూర్చుని దారి పొడుగునా స్కానర్ చూసింది. నాలుగు చక్రాలూ ఒకే అంకె చెప్పాయి. పలక మీద రెండు దీపాలూ ఆరిపోయాయి. ఆమె తృప్తి పడక, వానలోనే ఇంకోసారి తిప్పి రమ్మంది. ఆ తర్వాతే, "ఇంక ఎల్లండి, పంతుళ్లు చూస్తుంటారు" అని పంపింది. అతను ఆమెకు దండం పెట్టి, మేస్త్రికి పెట్టడం మరిచిపోయి వెళ్లిపోయాడు.

నూకరాజు అప్పుడు చేసిన పని ఆయనే చెయ్యగలడు. వానలో తల మీద గోనెపట్టా వేసుకుని, వీధిలో ఉన్న ప్రతి షెడ్డు ముందూ ఆగి, "అయస్కాంతం ఉన్న బేరింగయితే నంబరు సంగతి వదిలీయండి, అయస్కాంతం సెన్సర్ వైపు పెట్టండి. పొడి చల్లి చూసుకోండి. నేను తప్పు పెట్టేను, మా వరహాలు పట్టుకుంది" అని చెప్పుకుంటూ వెళ్లాడు. చివరికి టీ కొట్టు దగ్గర కూర్చుని, బస్సు కోసం నిలబడ్డ ముక్కూమొహం తెలియనివాళ్లకు కూడా చెప్పాడు. తను తప్పు చేశానన్న మాటను అంత డాబుగా చెప్పుకునే మనిషిని నేను ఇంకొకణ్ణి చూడలేదు. వింటున్నవాళ్లకు ఆయనేదో బహుమతి కొట్టుకొచ్చాడనిపించి ఉంటుంది.

ఆయన తడిసి షెడ్డుకు తిరిగొచ్చేసరికి వరహాలు పనిముట్లు తుడిచి సర్దుతోంది. నేను నా దుకాణం మూసేసి, ఇంటికి పోకుండా అక్కడే తచ్చాడుతున్నాను. చోడవరం షెడ్డు యజమాని మళ్లీ ఫోన్ చేశాడని, ఇంకా ఏమీ చెప్పలేదని ఆమె నాతో అంది. ఆయన విన్నాడో లేదో తెలియదు. గోనెపట్టా విదిలించి, గడపలో కాళ్లు తుడుచుకుంటున్నాడు. ఆమె ఎదురువెళ్లి నిలబడింది.

"గురువుగారూ, పొద్దున నేనడిగినదానికి మీరేటీ చెప్పలేదు. షెడ్డు తీసుకోమంటారా, వద్దంటారా?"

నూకరాజు ఆమె వైపు చూశాడు. కళ్లలో నవ్వు ఉంది, తడి కూడా ఉంది, అది వానదని ఆయన చెప్పుకోవచ్చు.

"ఇందాక నలుగురిలో నా తప్పు చెప్పేవు కదా," అన్నాడు, "చెప్పమంటారా వద్దంటారా అని నన్నడిగే చెప్పేవేటి?"